పాత మచ్చల మీద కప్పులు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నాలుగు మాటలది. ఒకమ్మాయి నా గదికొచ్చి ఒక ప్రశ్న అడిగింది. నేను ఆ నాలుగు మాటలు చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపి వెళ్లిపోయింది. ఆ పూట నేను అన్నం తిన్నాను. తర్వాత నిద్రపోయాను, పండగలకు బట్టలు కొనుక్కున్నాను, ఎవరో జోకు వేస్తే నవ్వాను కూడా. మనిషి ఎంత బరువైనా మోయగలడని అప్పుడు తెలిసింది. దించుకోవడమే నాకు చేతకాలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, కావాలని చేశావా ఏంటి" అంటారు. ఆ ఓదార్పు నాకు వద్దు. కావాలనే చేశాను.

నేను తార్నాకలో కప్పింగ్ చేస్తాను. మీలో కొందరు చేయించుకునే ఉంటారు. వీపు మీద చిన్న కప్పులు బోర్లించి, పంపుతో లోపలి గాలి లాగేస్తే చర్మం పైకి ఉబ్బుతుంది. పది నిమిషాలుంచి తీస్తే గుండ్రటి మచ్చలు మిగులుతాయి. పాత రోజుల్లో కొమ్ములతో చేసేవారట. మెడ పట్టేసినవాళ్లకు, నడుము నొప్పివాళ్లకు కొంత తేలికవుతుంది, అది నా కళ్లతో చూశాను. అందులో కప్పుల పని ఎంతో, ఎవరో ఒకరు అరగంటసేపు తమ వీపును పట్టించుకున్నారన్న సుఖం ఎంతో నాకు తెలియదు. ఆ వైద్యాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కప్పులు ఏ తప్పూ చేయలేదు.

మా నాన్న నంద్యాల వైపు నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. నేను క్యాంపస్ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. వ్యాయామ విద్య చదివాను, ఆ క్యాంపస్‌లోనే ఉద్యోగం వస్తుందని. రాలేదు. నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, గేటు దాటి తార్నాకలో అద్దెకు దిగాం. దూరం చూస్తే రెండు కిలోమీటర్లు ఉండదు. కానీ పరాయిదాన్నైపోయాననిపించింది. ఒక నెల కప్పింగ్ క్లాసులకు వెళ్లి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, టిఫిన్ సెంటర్ మీది గదిలో పని మొదలుపెట్టాను. జనం డాక్టరమ్మ అని పిలిచారు. కాదని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? వినడానికి బాగుంది కాబట్టి.

క్లాసులో మాకు ఒక మాట నేర్పారు. మచ్చ ఎంత నల్లగా వస్తే ఒంట్లో అంత చెడు రక్తం ఉన్నట్టు. నేను శరీర శాస్త్రం చదువుకున్నదాన్ని. గాలి లాగినప్పుడు చర్మం కింద సన్నటి నాళాలు చిట్లి రక్తం అక్కడే నిలుస్తుందని, వారం పది రోజుల్లో ఒళ్లు దాన్ని పీల్చేసుకుంటుందని నాకు తెలుసు. అయినా చెడు రక్తం కథే చెప్పేదాన్ని. జనానికి అది ఇష్టం. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని, ఎంత చెడు పోయిందో అని మురిసిపోతారు. ఇంకో నియమం కూడా నేర్పారు, అది మాత్రం కథ కాదు. పాత మచ్చ పూర్తిగా పోయేదాకా దాని మీద మళ్లీ కప్పు పెట్టకూడదు.

యాదమ్మక్క లేడీస్ హాస్టల్ మెస్‌లో చపాతీలు చేసేది. రోజుకు కొన్ని వందలు ఒత్తేది కాబోలు, కుడి భుజం పోయింది. లాలాగూడలో ఒక గది అద్దెకు తీసుకుని కూతురు స్వప్నతో ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో ఉన్న కాస్త పొలం బావగారు దున్నుకుంటున్నాడని, అడిగితే కొట్లాట అవుతదని, నవ్వుతూ చెప్పింది. స్వప్న అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం.

మొదటిసారి ఏడు కప్పులు పెట్టాను. తీసి చూస్తే నేనే ఆశ్చర్యపోయాను. అంత నల్లటి, అంత చక్కటి మచ్చలు అంతకుముందు ఏ వీపు మీదా రాలేదు. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. "ముఖం పడలేదక్కా" అని చూపించాను. "నా ఈపు గింత మంచిగున్నదా" అని నవ్వింది. భుజం నిజంగానే తేలికైందంది. ఆ వారం మెస్‌లో పనిచేసే ఆడవాళ్లు నలుగురు వచ్చారు, అందరినీ ఆమే పంపింది.

హాస్టల్ వార్డెన్ మేడం చెవికీ ఈ సంగతి చేరింది. నన్ను పిలిపించింది. అమ్మాయిలు రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని మెడలు పాడుచేసుకుంటున్నారు, కామన్ రూంలో ఒక క్యాంపు పెట్టు, అందరికీ నచ్చితే వారానికి రెండు రోజులు ఇక్కడే ఒక గది ఇస్తాం అంది. క్యాంపస్ లోపల గది. నాకది ఏమిటో మీకు చెప్పలేను. బోర్డు మీద నా పేరు ఎలా రాయించాలో కూడా ఆ రోజే ఆలోచించుకున్నాను. యాదమ్మక్కనే కూర్చోబెట్టి చేసి చూపించు, పిల్లలందరికీ ఆమె తెలుసు, భయపడరు అని వార్డెన్ మేడం చెప్పింది. నేను పోస్టర్ వేయించాను. పోస్టర్ నిండా యాదమ్మక్క వీపు. కింద పెద్ద అక్షరాలతో, మచ్చలు వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయని.

పది రోజులు దాటాక ఆమె ఒకసారి వచ్చింది. మచ్చలు అలాగే ఉన్నాయి. "పండ్లు తోముకుంటే నెత్తురొస్తున్నది డాక్టరమ్మా" అంది. ఒంట్లో వేడి, సబ్జా నీళ్లు తాగమన్నాను. అప్పటికి నిజంగానే అంతకుమించి ఆలోచించలేదు. ఇక్కడిదాకా నాది తెలివితక్కువతనం. దీనికి నేను మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టను.

క్యాంపుకు ముందు రోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. జాకెట్టు విప్పి కూర్చుంది. కిటికీ వెలుగు నేరుగా వీపు మీద పడింది. మొదట కప్పులు పెట్టి ఇరవై మూడో రోజు. ఏడు మచ్చలకు ఏడూ ఉన్నాయి, మొన్న పెట్టినట్టు. సంచీ తగిలించుకునే మోచేతి దగ్గర నీలంగా కమిలింది. పిక్కల మీద ఎర్రటి చుక్కలు, దోమలు కుట్టినట్టు, కానీ దోమకాట్లు కావు. ఆమె మాట్లాడుతూనే ఉంది. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, స్వప్న రక్తపరీక్ష చేయించుకుందామని పోరుతోందని, రేపు పొద్దున పోదామా అంటోందని.

నాకు అర్థమైంది. ఈ మాట దగ్గర ఆగాలి. రోగం పేరు తెలియలేదు, కానీ ఈ ఒంట్లో రక్తం నిలవాల్సిన చోట నిలవడం లేదని, ఇది కప్పుల పని కాదని, ఇప్పుడే ఆసుపత్రికి పంపాలని స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాత నా బుర్రలో వచ్చిన మొదటి ఆలోచన ఆమె గురించి కాదు. రేపు ఎవరైనా ఈ మచ్చలు చూసి ఎప్పటివి అని అడిగితే?

"రేపు క్యాంపు ఉంది గదక్కా. పరీక్ష ఎల్లుండి చేయించుకుందువులే" అన్నాను.

"మీరన్నంక అంతే" అంది.

మర్నాడు కామన్ రూంలో యాభై అరవై మంది అమ్మాయిలు. యాదమ్మక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది, తలలో పువ్వులు పెట్టుకుంది. మూలన తెర కట్టాం. ఆమెను తెర వెనక బోర్లా పడుకోబెట్టి, ఎవరూ చూడకముందే, పాత మచ్చలు ఏడింటి మీద ఏడు కప్పులు సరిగ్గా సరిపోయేలా పెట్టాను. అంచుకు అంచు. కొంచెం పక్కకు జరిగినా కింద పాతది కనిపిస్తుందని ఒకదాన్ని తీసి మళ్లీ పెట్టాను. అప్పుడు తెర తీశాను. పంపు కొడుతూ అమ్మాయిలకు వివరంగా చెప్పాను. "జర మంటగున్నది డాక్టరమ్మా" అని ఆమె నెమ్మదిగా అంది, పిల్లలకు వినపడకుండా. నా పరువు కాపాడుతోంది ఆమె. "రెండు నిమిషాలు ఓర్చుకో అక్కా" అన్నాను. కప్పులు తీసేసరికి మచ్చలు ఇంకా నల్లబడ్డాయి. అమ్మాయిలు ఫొటోలు తీసుకున్నారు. చప్పట్లు కొట్టారు. వార్డెన్ మేడం నా భుజం తట్టింది.

ఎల్లుండి పరీక్ష సంగతి నేను గుర్తు చేయలేదు. కొత్త మచ్చలు తగ్గాక వెళ్తుందిలే అనుకున్నాను. అనుకున్నానా, కోరుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. స్వప్నకు ఫోన్ చేసి వెంటనే తీసుకెళ్లమని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం కోసం అప్పటినుంచి వెతుక్కుంటున్నాను.

నాలుగో రోజు మెస్‌లో పిండి కలుపుతుండగా యాదమ్మక్క ముక్కు నుంచి రక్తం కారింది. ఆగలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఎముకల మూలుగలో రక్తం తయారవడమే ఆగిపోయిందన్నారు. తర్వాత తలలో రక్తస్రావం అయింది. ఆరో రోజు చనిపోయింది. నేను ఆసుపత్రికి పోలేదు. శవాన్ని చూడటానికీ పోలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను.

దినాలు అయిన మర్నాడు పొద్దున్నే స్వప్న నా గదికి వచ్చింది. తలకు నూనె లేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు, తలుపు పట్టుకుని నిలబడింది.

"మేడం, ఒక్కటి అడగనీకి వచ్చిన. మీరు మొదటిసారి పెట్టిన మచ్చలు క్యాంపు నాటికి పోయినయా? నూనె రాస్తుంటే పోనట్లనే అనిపిస్తుండె నాకు. కానీ డిగ్రీ పరీక్షలల్ల వడి సరిగ చూడలే. దవఖానల డాక్టర్ అడిగితే, నాలుగు దినాల కిందనే పెట్టిన్రు సార్ అని చెప్పిన. కరెక్టే చెప్పిన కద?"

ఆ తలుపు దగ్గర ఆమె, గోడమీద ఆమె తల్లి వీపు. పోస్టర్ ఇంకా తీయలేదు నేను.

"పాతవి పోయినాయమ్మా. ఇవి కొత్తవే."

"మీరు చూసిన్రా?"

"చూసినా."

తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు అంది, "అంటే క్యాంపు దాక ఆయాసం తప్ప అమ్మ మంచిగనే ఉండె. తెల్లారి ఒళ్లు నొప్పులంటే మెడికల్ షాపుల గోలీలు తెచ్చి నేనే ఇచ్చిన మేడం. రెండు. నా చేత్తోనే నోట్లె వేసిన. అవి నెత్తురు పల్చగ చేస్తయట. అయితే గిదంత నాతోనే అయింది."

అప్పుడు చెప్పాలి. అడిగే ముందు చెప్పలేకపోయినా, అడిగినప్పుడు చెప్పలేకపోయినా, అప్పుడైనా చెప్పాలి. ఆ గోలీల కంటే ముందే మీ అమ్మ జబ్బు నేను చూశాను అని. నోరు తెరిచాను కూడా.

"మన చేతుల్లో ఏముందమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను పోస్టర్ చించేశాను. ఫోన్‌లో ఫొటోలు తీసేశాను. గది మాట వార్డెన్ మేడం మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. కాబట్టి దేనికోసం చేశానో అదీ దక్కలేదు. దక్కి ఉంటే ఇది రాసేదాన్నా? ఏమో. రాసేదాన్ని కాదేమో.

చాలాకాలం నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. నిజం చెబితే ఆ పిల్ల ఇంకా కుమిలిపోయేది, మచ్చలు చూసి కూడా తల్లిని తీసుకుపోలేదని తిట్టుకునేది, దానికంటే ఇదే మేలు అని. ఎంత దయగలదాన్నో చూడండి. నేరం ఒకటి తప్పించి ఇంకోటి నెత్తిన పెట్టాను, పైగా అది నాది. కొన్నేళ్ల తర్వాత ఒక డాక్టరును ఎవరో తెలిసినామె సంగతి అన్నట్టు అడిగాను. రెండు నొప్పి గోలీలతో ఆ జబ్బు రాదు, అది వారాల ముందునుంచే ఉండి ఉంటుంది అన్నాడు. ముందే తీసుకొచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. చెప్పలేం, కానీ ప్రయత్నించడానికి సమయం ఉండేది అన్నాడు. మీరేమవుతారు ఆమెకు అని అడిగాడు. ఏమీ కానన్నాను.

పని మానేశానని మీరు అనుకుని ఉంటే పొరపాటు. రెండు నెలలు మూసి మళ్లీ తెరిచాను. డాక్టరమ్మ అని మాత్రం పిలవనివ్వడం లేదు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదట దెబ్బ తగిలితే కమిలింది ఎన్నాళ్లకు పోతుందని అడుగుతాను, అనుమానం వస్తే రక్తపరీక్షకు పంపుతాను. ఎంత జాగ్రత్తో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే ఒళ్లు మండుతుంది.

స్వప్నకు పెళ్లయింది. భర్త రైల్వేలో గార్డు. లాలాగూడలోనే క్వార్టర్. నాలుగేళ్ల కూతురుంది. ఈ సంగతులన్నీ మెస్‌లో పనిచేసే లక్ష్మి చెబుతుంది, ఆమె మెడ నొప్పికి ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. ఒకసారి మాటల్లో అంది, స్వప్న తన చేత్తో ఎవరికీ గోలీ ఇవ్వదట. చేతులు వణుకుతాయట. పాపకు మందు పోయాలంటే మొగుడే పోయాలట. "గదేం పిచ్చో" అని లక్ష్మి నవ్వింది. నేను ఆమె వీపు మీద కప్పు పెడుతున్నాను. ఆ కప్పుకు పంపు కొట్టి, ఇంకోటి తీసుకున్నాను.

ఈరోజు పొద్దున లక్ష్మి వచ్చింది. పాపకు మొన్నటినుంచి జ్వరమట. డాక్టరుకు చూపించారు, మందు రాశాడు, సీసా ఇంట్లోనే ఉంది. మొగుడు డ్యూటీ మీద పోయాడు, రేపటిదాకా రాడు. పక్కింటామె పొద్దున ఒకసారి పోసి ఆఫీసుకు పోయింది. స్వప్న తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. పోయినేడాది ఇలాగే జ్వరం ఎక్కువై పాపకు ఫిట్స్ వచ్చాయట. లక్ష్మి ఇదంతా చెబుతుంటే నేను పది నిమిషాలు చూసి కప్పులు తీశాను, వీపు తుడిచాను, మెట్లదాకా సాగనంపాను.

తర్వాత కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఇది కూడా మీకు చెప్పాల్సిందే. ఆ పాప ఒళ్లు కాలిపోతుంటే, ఫోన్ నంబర్ నా దగ్గర ఉండి కూడా, నేను గంటన్నరగా కాగితాలు నింపుతున్నాను. రాస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. రేపు చెబుతాను అని ఇక్కడ రాసి ముగించాలనిపించింది, అలాంటి రేపులు తొమ్మిదేళ్లలో చాలా వచ్చాయి. పెన్ను పక్కన పెట్టి ఫోన్ చేశాను.

ఎవరని అడిగింది. తార్నాక మేడంని అన్నాను. గొంతు గుర్తుపట్టి, మంచిగున్నరా అని కూడా అడిగింది. నేను ఆగితే చెప్పలేనని తెలుసు, అందుకే ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"ఆ మచ్చలు పోలేదు స్వప్నా. ఇరవై మూడు రోజులైనా పోలేదు. నేను చూసినా. మీ అమ్మకు జబ్బుందని తెలిసి కూడా పంపలేదు, క్యాంపు కోసం పాతవాటి మీదే కప్పులు పెట్టినా. నీ గోలీకి ముందు సంగతి ఇది. నీకు అబద్ధం చెప్పినా."

అవతల దూరంగా పాప మూలుగుతోంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఒప్పుకోలు అన్నాక ఇదీ రాయాలి. ఆమె ఇంకా ఏమీ అనకముందే, నా ఒళ్లు తేలికైంది. ఆమెకు ఏమవుతోందో తెలియకుండానే నాకు తేలికైంది.

"గోలీతోని కాలేదా" అని అడిగింది. చాలా నెమ్మదిగా.

"కాలేదమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలని ఎదురుచూశాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను.

"పాపకు మందు పోయాలె మేడం, టైమైంది" అని ఫోన్ పెట్టేసింది.